ప్రవాసము – వలస : కల్వకుర్తి ప్రాంతమునుండి ఒక పరిశీలనము

సముద్రము దాటిన తెలుగువానిని మనము ప్రవాసాంధ్రుడందుము. కల్వకుర్తినుండి ముంబయికి పోయిన తెలుగువానిని వలసకూలి యందుము. ఇద్దరును పొట్టకూటికై పుట్టినయూరు విడిచినవారే. ఇద్దరును ఎవడో యొక దళారి మాట నమ్మి కదలినవారే. ఐనను మొదటివానికి చరిత్ర కలదు, సభలు కలవు. రెండవవానికి కరవు నివేదికలలో ఒక అంకె మాత్రము కలదు. ఈ భేదము ఎచ్చట పుట్టినదో విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా సముద్రము దాటినవారి సంగతి. మారిషసు దీవికి భారతీయ ఒప్పందపు కూలీల రాక 1834లో ఆరంభమైనది. గోదావరి సముద్రమున గలియుచోటనున్న కోరంగి రేవు 1789, 1839 సంవత్సరముల తుపానులలో ఛిన్నాభిన్నమైనను, 1843లో ఆ రేవు పేరే ధరించిన ‘కోరంగి పాకెట్’ అను ఓడ తెలుగువారిని ఆ దీవికి గొనిపోయెను. నాటినుండి మారిషసులో తెలుగువాడు ‘కోరంగి’ యయ్యెను. బర్మాలోను అంతియే. విశాఖపట్టణమువాడైనను గంజామువాడైనను, ఏ కులమువాడైనను, అచ్చట దిగినపిదప వాడు కోరంగియే. ఎక్కిన రేవు పేరు జాతికి పేరగుట చరిత్రలో వింత కాదు గాని, ఆ పేరున గౌరవము లేదు. రంగూను రేవులో కోరంగి యనగా బరువులు మోయువాడు. 1930 మే నెలలో అచ్చటి రేవుకూలీల సమ్మె వెంట చెలరేగిన అల్లరులలో ఆ పేరు మోసిన వారెందరో ప్రాణములు గోల్పోయిరి.

ఇతరులు పెట్టిన పేరు తొలగించుకొని తాము కోరిన పేరు పెట్టుకొనుటయే ప్రవాసులు నెలకొల్పిన సంఘముల తొలి కార్యమని మా యభిప్రాయము. దక్షిణాఫ్రికాకు 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడలో మదరాసునుండి తొలి కూలీలు చేరిరి. వారి సంతతివారిలోని తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఫిజీలో 1926లో తమిళులు, తెలుగువారు మొదలగు దాక్షిణాత్యులందరికిని కలిపి సన్మార్గ ఐక్య సంఘము వెలసినది. 1941లో తెలుగువారు వేరుగా ఆంధ్ర సంఘము నేర్పరచుకొనిరి. మలయాలో 1955లో ఆంధ్ర సంఘము పుట్టి, పిమ్మట మలేషియా తెలుగు సంఘమైనది. ఈ పేర్లలో ఎచ్చటను కోరంగి లేడు. ఇందు గమనింపదగినది వేరొకటి కలదు. ఉత్తర సర్కారులనుండియు, చిత్తూరు ప్రాంతమునుండియు పోయినవారు స్వస్థలమున ఒకరి నొకరు ఎరుగరు. ఎరిగినను ఒక పంక్తిని కూర్చుండరు. వారిని ‘ఆంధ్రులు’గా చేసినది పరాయి నేల.

ఈ యనుభవము మన కొక్కరికే చెందినది కాదు. పశ్చిమాఫ్రికాలోని యోరుబా జాతి చరిత్రము దీనికి మిక్కిలి పోలిక గలది. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున వారు తమ్ము యోరుబాలని చెప్పుకొనలేదు. ఓయో, ఎగ్బా, ఇజెబు మొదలగు వేర్వేరు రాజ్యములవారై తమలో తాము పోరుచుండిరి. బానిసలై బ్రెజిలు చేరినవారిని అచ్చట ‘నాగో’ లనిరి. క్యూబాలో ‘లుకుమి’ లనిరి. బ్రిటిషు నౌకాదళము విడిపించి సియెర్రా లియోనులో దింపినవారిని, వారి పలుకరింపు మాటనుబట్టి ‘అకు’ లనిరి. అట్లు 1822లో విడుదల పొందిన బాలుడు శామ్యూల్ అజయి క్రౌథర్. అతడు 1843లో యోరుబా పదకోశమును ప్రకటించెను, 1864లో బిషప్పయ్యెను. అంతకుముందు ఓయోవారికి మాత్రమే చెల్లిన యోరుబా యను పేరు, అతనివంటి విముక్తుల కృషివలనను, మతప్రచారకుల గ్రంథములవలనను క్రమముగా భాష కంతటికిని, జాతి కంతటికిని వ్యాపించెను. వారి ఐక్యతా సంఘమైన ‘ఎగ్బే ఓమో ఒదుదువా’ సయితము 1945లో లండనునగరమున పుట్టి, మూడేండ్ల తరువాత స్వదేశమునకు వచ్చినది. ఇల్లు విడిచినవారు ఇంటికి పేరు పెట్టిరి. అయితే వారి చరిత్రకారులు బ్రెజిలువానిని ప్రవాసి యనియు, పొరుగుసీమకు కూలికి పోయినవానిని మరియొకటనియు విడదీయుదురా యన్నది విచారింపదగిన ప్రశ్న. మన విషయమున మాత్రము విడదీసితిమి.

ఇక స్వస్థలమునకు వత్తము. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడబోగా పరిహాసము ఎదురైనది. దాని ఫలితముగా ఆంధ్ర జనసంఘము పుట్టిన వృత్తాంతము మన పాఠకులకు క్రొత్త కాదు. తెలుగువారు అధిక సంఖ్యాకులైన రాజ్యమున తెలుగువానికి పరదేశి యవస్థ కలిగెను. ఆ యుద్యమము పెరిగి ఆంధ్ర మహాసభ యయ్యెను. దాని ద్వితీయ సమావేశము దేవరకొండలో జరిగినది. అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణరావు. ఆయన జన్మస్థలము నాటి కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామము. సంవత్సరము 1931. దర్బనులో ఆంధ్ర మహాసభ వెలసినదియు ఆ యేడే! ఈ రెండింటికిని సంబంధము కలదని చెప్ప సాహసింపము. ఒకే పేరు, ఒకే యేడు, ఒకే విధమైన అవమానమునకు సమాధానము, అంతియే. బూర్గులవారు పూనాలో చదివినవారు. కల్వకుర్తినుండి పడమటికి పోయిన దారి చదువుకొన్నవానికి అటువంటిది. చదువు లేనివాని దారియు పడమటికే.

ఆ దారి పాతది. ముంబయిలోని కామాటిపురమునకు ఆ పేరు వచ్చినది నైజాం రాజ్యమునుండి వెళ్లిన తెలుగు కూలీలవలన, పనివారివలన. కామాటి యనగా కూలిపని చేయువాడు. కోరంగికి రేవు పేరు మిగిలినది. కామాటికి చేసిన పని పేరు మిగిలినది. నేడా పేట పేరు వినగానే లోకమునకు స్ఫురించునది వేరు. తెలుగు శ్రమ ఆ పేరులో దాగియున్నదని తెలుగువారిలోనే ఎందరికి తెలియును? ఆ నగర నిర్మాణమున గుత్తేదారులుగా పైకి వచ్చిన తెలుగువారును కలరు. జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలాజీ కాలేవారు ప్రసిద్ధులు. మరాఠీలో ఈ పేర్లు ఫూలే చరిత్రలో భాగములు. మన సంఘ చరిత్రలలో వీరికి దక్కిన చోటు స్వల్పము. ఇది మనకు మెచ్చుకోలు కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఈ భేదమునకు కారణము భక్తి కాదు, భాష కాదు. మారిషసు తెలుగువారి యిండ్లలో క్రియోలు భాషయే నెలకొన్నది. ఐనను దీపము చుట్టు తిరుగుచు పాడు రామభజనమును వారు విడువలేదు, ఉగాదికి ఆ దేశమున సెలవు కలదు. దక్షిణాఫ్రికా 1996 నాటి రాజ్యాంగమున తెలుగు పేరు వ్రాయబడినది. ముంబయి పోయిన పాలమూరు కూలివానికి భాష పోలేదు. పీర్ల పండుగకు ఊరు చేరుటయు మానలేదు. భేదము కాగితమునందున్నది. ఒప్పందపు కూలిని పంపినది ప్రభుత్వము; కావున వాని సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, జిల్లా, ఎత్తు, పుట్టుమచ్చ సయితము వ్రాసికొనెను. ఆ చిట్టాలు మారిషసులోని మోకా గ్రామమున మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. నాలుగవ తరమువాడు వాని సాయమున తాత యూరు వెదకికొని రాగలడు. వానిని బంధించుటకు వ్రాసిన కాగితమే నేడు వానికి వంశవృక్షమైనది.

పాలమూరు కూలిని పంపినది గుంపు మేస్త్రీ. పంట చేతికందని యేడు ముందుసొమ్ము ఇచ్చి, ఇరువదిమందినో ముప్పదిమందినో గుంపు కట్టి, ఆనకట్ట పనికో రహదారి పనికో తోలుకొనిపోవును. నాగార్జునసాగరము మొదలుకొని ఎన్ని కట్టడములలో ఈ కూలీల చేతులు పడినవో! తమ సీమకు దక్షిణపుటంచున పారు కృష్ణ, పల్లమున నుండుటచే, వీరి పొలములకు ఎక్కలేదు. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు మెట్లమీదుగా నీటిని ఎత్తి కల్వకుర్తి వైపు మరల్చుట ఇరువదియొకటవ శతాబ్దిలోగాని సాధ్యము కాలేదు. రాష్ట్రము దాటి పోవు కూలీలకు ఛాయాచిత్రముతో కూడిన పాసుపుస్తకము, స్థానభ్రంశ భత్యము ఇయ్యవలెనని 1979లో కేంద్రము చట్టము చేసినది. కల్వకుర్తి చుట్టుపట్ల మేము విచారించిన ఇండ్లలో అట్టి పుస్తకము ఒక్కటియు కనబడలేదు.

కనబడినది వేరొకటి. ఒక వృద్ధ మేస్త్రీ తన యింటి దూలముపైనుండి తీసి చూపిన లెక్కపుస్తకము. చెదలు కొంత తిన్నది. పేర్లు కలవు, ఇంటిపేర్లు లేవు. ఊరు పేరులో మొదటి అక్షరము, ఇచ్చిన సొమ్ము, పని జరిగిన చోటు. లెక్క తీరిన పేరుమీద అడ్డుగీత కలదు. ఇట్టి పుస్తకములు పల్లెలలో ఇంకను కొన్ని యుండవచ్చును. వానికి నకలు తీసి భద్రపరచుట మా శాఖలోని పరిశోధక విద్యార్థులకు ఒక వేసవి పని మాత్రమే. ఆలస్యమైనచో చెదలు ఆ పని ముగించును. ఆ మేస్త్రీని అడిగితిమి, గీత లేని పేర్లేమని. బాకీ తీర్చక పారిపోయినవారు కొందరనెను. ఒక పేరు ప్రక్కన ‘రాలేదు’ అని యున్నది. అదియు పారిపోయినవాడేనా యని మరల అడిగితిమి. కాదనెను, ఆ పుట మూసి పుస్తకమును తిరిగి దూలముపై పెట్టెను.