రాజ్యాంగ సవరణాధికారము: దాని యవధి

సవరించుట యనగా చక్కబెట్టుట. చక్కబెట్టు నెపమున రూపుమాపవచ్చునా యనునదే భారత రాజ్యాంగ చరిత్రమున ప్రధాన వివాదము.

368వ అధికరణము ననుసరించి, ప్రతి సభయందును మొత్తము సభ్యులలో అధికసంఖ్యాకులును, హాజరై వోటు చేసినవారిలో మూడింట రెండు వంతులును సవరణ నంగీకరింపవలెను. కొన్ని విషయములలో సగము రాష్ట్రముల శాసనసభల యామోదమును కావలెను. ఇది పద్ధతి మాత్రమే. 1950 నాటి పాఠమున హద్దును గూర్చిన స్పష్టమైన మాట లేదు.

ప్రాథమిక హక్కులను సైతము సవరింపవచ్చునని 1951లో శంకరీ ప్రసాద్ వ్యాజ్యమున సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారితో కూడిన ఆరుగురు, వాటిని కుదింపరాదనిరి, ఐదుగురు విభేదించిరి. 1971లో పార్లమెంటు 24వ సవరణచే ఆ యధికారమును మరల చేకొనెను. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యమున 13 మంది న్యాయమూర్తులలో ఏడుగురు మధ్యేమార్గము చూపిరి: ఏ అధికరణమునైనను సవరింపవచ్చును, మౌలిక స్వరూపమును మాత్రము చెఱుపరాదు. సవరణ యను మాటలోనే పాత రాజ్యాంగము నిలిచియుండవలెనను భావము గర్భితమై యున్నదని న్యాయమూర్తి ఖన్నాగారి వివరణము.

ఒక్కరి యాధిక్యముతో వెలువడిన యా సూత్రమే నేటికిని ప్రమాణము. ఒక పదముయొక్క యర్థనిర్ణయముపై జాతి హక్కులు నిలిచియుండుట శబ్దార్థవిచారము చేయు మనకు గమనింపదగిన విషయము.