బాలుని దోషము – గురువు ప్రాయశ్చిత్తము

"మా అబ్బాయికి పదేండ్లు నిండినవి. ఇంటిలో నిత్యపూజ వానికి అప్పగించవచ్చునా స్వామీ?" అని ఆలయమునకు వచ్చు తల్లిదండ్రులు తరచుగా అడుగుచుందురు. బాలుడు ఎంతటి భారమును మోయగలడను ఈ ప్రశ్న నేటిది కాదు. మన ధర్మశాస్త్రకారులు దీనిని శతాబ్దుల పాటు విచారించిరి.

ఉపనయనమునకు పూర్వము బాలునకు నడవడియందును, మాటయందును, ఆహారమునందును గౌతమధర్మసూత్రము స్వేచ్ఛ నొసగినది. బ్రాహ్మణునకు ఎనిమిదవ, క్షత్రియునకు పదకొండవ, వైశ్యునకు పండ్రెండవ సంవత్సరము ఉపనయనకాలమని సామాన్యవిధి. అయినను ఉపనీతుడైన వటువు మరునాడే యాగకర్త కాడు. అగ్నియందు సమిధ లుంచుట, భిక్ష తెచ్చుట, గురుశుశ్రూష – ఇవే వాని తొలి కర్తవ్యములు. చిన్న పనులే, కాని ప్రతిదినము తప్పక చేయవలసినవి.

మహాభారతము ఆదిపర్వమున మాండవ్యోపాఖ్యానము కలదు. చోరుడను భ్రాంతితో రాజు శూలారోపణము చేయించిన ఆ మహర్షి, తాను చేసిన పాపమేమని ధర్ముని అడిగెను. బాల్యమున కీటకములను గడ్డిపోచతో పొడిచితివని ధర్ముడు పలికెను. అల్పదోషమునకు ఇంతటి దండనమా యని మహర్షి ధర్ముని శపించి, ఇకపై పదునాలుగేండ్ల లోపు చేసిన పనికి పాతకము లేదని మర్యాద నేర్పరచెను. ఆ శాపమువలననే ధర్ముడు విదురుడై జన్మించెను.

నారదస్మృతి మరియొక మెట్టును చూపినది. ఎనిమిదవ ఏటి వరకు శిశువు గర్భస్థునితో సమానుడు, పదునారవ ఏటి వరకు బాలుడు, ఆపైననే వ్యవహారజ్ఞుడు.

8, 14, 16 – ఈ సంఖ్యలు పరస్పరవిరుద్ధములు కావు. కర్తవ్యమునకు ఒక వయస్సు, పాపఫలమునకు ఒకటి, లావాదేవీలకు మరియొకటి. పని ముందు వచ్చును. దండనము తరువాత వచ్చును. మరి నడుమ జరిగిన దోషమును ఎవరు మోయవలెను?

చాళుక్య విక్రమాదిత్యుని (1076–1126) కాలమున కల్యాణపురమందు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు దీనికి సమాధానమైన స్మృతివచనమును ఉదాహరించెను. ఐదేండ్లు దాటి పదకొండేండ్లు నిండని బాలుడు దోషము చేసిన యెడల, వానికి బదులుగా గురువో సుహృత్తో ప్రాయశ్చిత్తము చేయవలెను.

ఈ విధియొక్క అర్థము నాకు గ్రంథమున కంటె ముందే తెలిసినది. పదవ ఏట వేదపాఠశాలలో రాత్రివేళ అఖండదీపమును కనిపెట్టి యుండు పని నాకు అప్పగించిరి. నేను నిద్రపోతిని, దీపము కొండెక్కినది. గురువుగారు నన్ను దండింపలేదు. స్నానము చేసి, దీపమును మరల వెలిగించి, ఆ దినమంతయు తామే ఉపవసించి జపము చేసిరి. మరునాడు అదే దీపమును నాకే అప్పగించిరి. కాని రాత్రియంతయు కాదు, సాయంసంధ్య మొదలు ఒక్క జాము మాత్రమే. "కొలత తప్పినది నీవు కాదురా, నేను" అనిరి. ఆనాటి నుండి నా జామున ఆ దీపము ఆరలేదు.

కనుక ఆ తల్లిదండ్రులకు నేను చెప్పునది ఇంతియే. పని నిరాకరింపకుడు, పూజయంతయు కాక, పూలు కోయుటయో దీపము వెలిగించుటయో కొలిచి ఇండు. అది తప్పిననాడు కోపము వానిపై చూపక, మీ కొలతను దిద్దుకొనుడు. వాని పక్షమున ఉపవసించుటకు మీరు సిద్ధముగా ఉన్నంత మేరకే వానికి భారము నొసగుడు.

ఇతి శమ్.