ఆరోగ్యవంతుని దేహంపై కత్తి

మూత్రపిండం ఇచ్చిన దాతకు ఏమవుతుందన్న ప్రశ్న నేటిది కాదు. 1933లో ఖెర్సోన్ నగరంలో వొరొనోయ్ మృతుని మూత్రపిండాన్ని ఒక రోగికి అమర్చాడు. ఆమె రెండు రోజులకే మరణించింది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందానికి ఎదురైన చిక్కు వేరు: దాత సజీవుడు, రోగికి కవల సోదరుడు. ఏకరూప కవలల మధ్య దేహం అవయవాన్ని తిరస్కరించదని ముందే చర్మపు అతుకుతో నిర్ధారించుకున్నారు. అయినా తనకు ఏ మేలూ లేని ఆరోగ్యవంతుణ్ణి కోయడం వైద్యధర్మమేనా అని మతాచార్యులను సైతం సంప్రదించారు. గ్రహీత ఎనిమిదేళ్లు జీవించాడు. దాత ఒంటి మూత్రపిండంతో 2010 వరకు. మర్రేకు 1990లో నోబెల్ బహుమతి లభించింది. కాని ఒకరి దీర్ఘాయువు అందరికీ హామీ కాజాలదు. దాతను సైతం క్షుణ్ణంగా పరీక్షించే నేటి పద్ధతికి మూలం ఆనాటి సంకోచమే.