శుభం కార్డు తర్వాతి కథ

1970 చివర్లో టోక్యో పొలిమేరన, ఒయిజుమి అనే పేటలో, క్యాబేజీ మడి పక్కనున్న ఒక పాత ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు కిరాయికి దిగారు. ఇద్దరికీ ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. ఒకరు తకెమియా కెయికో, ఇంకొకరు హగియో మోతో. ఆడపిల్లల పత్రికలకు బొమ్మల కథలు, అంటే మాంగా, గీయడమే ఇద్దరికీ బతుకుతెరువు. దగ్గర్లోనే మసుయామా నోరియె ఇల్లు. ఆమె బొమ్మలు గీయదు, కానీ చదువరి. సంగీతం తెలుసు, సినిమాలు తెలుసు. హెర్మన్ హెస్సే నవలలు తెచ్చి వీళ్ళ చేతుల్లో పెట్టింది. యూరప్ హాస్టల్ బడుల్లో అబ్బాయిల మధ్య పుట్టే గాఢమైన స్నేహాలూ ప్రేమలూ ఆ పుస్తకాల నుంచి, ఫ్రెంచి సినిమాల నుంచి వీళ్ళ కాగితాల మీదికి దిగాయి.

ఇద్దరు మగవాళ్ళు ప్రేమలో పడ్డాక, కలిసి బతికే రోజుల గురించి రెండో భాగం, మూడో భాగం అంటూ మాంగా వరుసలు రావడం ఇవాళ జపాన్‌లో మామూలు సంగతి. ఆ ఇంటి నుంచి ఇంత దూరం రావడానికి మూడు దశాబ్దాలకు పైనే పట్టింది. ఎందుకంటే మొదట్లో ఈ జంటలకు రెండో భాగం ఉండే వీలే లేదు. కథ ముగిసేసరికి ఇద్దరిలో ఒకరు చచ్చిపోయేవాళ్ళు.

ఆడవాళ్ళు, ఆడపిల్లల కోసం, అబ్బాయిల ప్రేమను ఎందుకు గీశారు? హగియో 1971లో 'నవంబర్ జిమ్నాజియం' మొదలుపెట్టినప్పుడు ఆ కథను ఆడపిల్లల బడిలో పెట్టి చూసింది. అది నచ్చలేదు. అబ్బాయిల బడిగా మార్చేసరికి పాత్రలు కదిలాయి. అప్పటి కథల్లో అమ్మాయి అంటే ఎదురుచూడాలి, సిగ్గుపడాలి, చివర్లో పెళ్ళి చేసుకోవాలి. అబ్బాయికి ఆ కట్లు లేవు. అదే కాలంలో మన వారపత్రికల్లోనూ సీరియల్ అంటే రచయిత్రులదే రాజ్యం. యద్దనపూడి సులోచనారాణి కోసం వారం వారం ఎదురుచూసిన పాఠకురాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఆ నాయికలకు ఆత్మాభిమానం మెండు, కానీ కథ చేరే రేవు పెళ్ళే. జపాన్ అమ్మాయిలు ఆ రేవును తప్పించుకోవడానికి నాయికనే పక్కన పెట్టారు.

1974 మే నెలలో హగియో 'థామస్ హృదయం' వారపత్రికలో మొదలైంది. మంచు కురిసిన ఉదయం ఒక అబ్బాయి వంతెన మీంచి రైలు పట్టాల మీదికి పడి చనిపోవడంతో కథ తెరుచుకుంటుంది. మొదటి వారం పాఠకుల అభిప్రాయాల లెక్కలో దానికి అట్టడుగు స్థానం. ఆపేద్దామన్నారు సంపాదకులు. అయితే ఆ రోజుల్లోనే హగియో గీసిన మరో కథ 'పో వంశం' పుస్తకంగా వచ్చి, 30,000 ప్రతులు మూడు రోజుల్లో అమ్ముడుపోయాయి. దాంతో 'థామస్' బతికి, 33 వారాలు నడిచి ముగిసింది. తకెమియా కష్టం ఇంకా పెద్దది. 'గాలీ చెట్ల పాట' ఆమె మనసులో 1970 నుంచీ ఉంది. ఏ సంపాదకుడూ వేయడానికి ఒప్పుకోలేదు. పాఠకుల ఆదరణ సంపాదిస్తే తప్ప మాట చెల్లదని గ్రహించి, ఈజిప్టు రాజుల కథ ఒకటి గీసి పేరు తెచ్చుకుంది. ఆ పేరు పెట్టుబడిగా 1976లో తన కథను అచ్చులోకి తెచ్చింది. అది 1984 దాకా నడిచింది. అందులో ప్రధాన పాత్రల్లో ఒకడైన జిల్బెర్ చివరికి బండి కింద పడి చనిపోతాడు.

ఈ చావులు గొప్ప కళే. నేను వాటిని తక్కువ చేయడం లేదు. కానీ అవి ఒక హద్దును కూడా చెబుతున్నాయి: ఇద్దరు మగవాళ్ళ ప్రేమను ఊహించగలిగారు, వాళ్ళ ముసలితనాన్ని ఊహించలేకపోయారు.

ఆ హద్దును మొదట చెరిపింది అచ్చు పత్రికలు కావు, చదువరులు. 1975 డిసెంబర్ 21న టోక్యోలో 'కామికెట్' అనే సంత మొదలైంది. సొంతంగా అచ్చువేసుకున్న చిన్న మాంగా పుస్తకాలను గీసినవాళ్ళే బల్లల మీద పెట్టి అమ్ముకునే చోటు అది. మొదటిసారి 32 బృందాలు పాల్గొన్నాయి, 700 మంది దాకా వచ్చారు, ఎక్కువ మంది బడిపిల్లలు, అందులోనూ ఆడపిల్లలే. తమకు నచ్చిన కథ పత్రికలో ముగిసిపోతే, 'ఆ తర్వాత ఏమైంది' అన్నది వీళ్ళు గీసుకునేవాళ్ళు. చచ్చిపోయినవాణ్ణి బతికించేవాళ్ళు, విడిపోయినవాళ్ళను కలిపేవాళ్ళు. కొనసాగింపు అనేది ప్రచురణకర్తల వ్యాపార ఆలోచన కన్నా ముందు పాఠకుల ఆకలి. 1978లో అబ్బాయిల ప్రేమకథల కోసమే 'జునె' పత్రిక వచ్చింది. 1993లో 'బి-బాయ్' వచ్చే నాటికి చావుల స్థానంలో సుఖాంతాలు స్థిరపడ్డాయి.

ఈ మధ్యలో ఒక గట్టి దెబ్బ తగిలింది. 1992లో సాతో మసాకి అనే స్వలింగ ప్రేమికుడైన ఉద్యమకారుడు ఒక స్త్రీవాద చిన్న పత్రికలో ఘాటుగా రాశాడు. మా బతుకులు మీ వినోదం అయిపోయాయి, మీ అందమైన అబ్బాయిలకూ మాకూ సంబంధం లేదు అన్నది ఆయన ఫిర్యాదు. ఏళ్ళ తరబడి వాదన నడిచింది. ఆయన మాట అన్యాయం అన్నవాళ్ళున్నారు. న్యాయమే అని నా అభిప్రాయం. ముద్దుతో ముగిసే కథకు కిరాయి ఇల్లు వెతుక్కునే అవసరం రాదు, ఆఫీసులో ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నమిలే అవసరం రాదు. నిజమైన జంటకు అవే బతుకు.

ఆ బతుకు దాకా వెళ్ళిన కథలు తర్వాత వచ్చాయి. 2006లో మాంగా కళాకారిణి నకమురా అసుమికో 'ఒపెరా' పత్రికలో 'దోక్యూసె' మొదలుపెట్టింది. సజో చదువులో ముందుండే కళ్ళద్దాల కుర్రాడు. కుసకబె బ్యాండులో గిటారు వాయించేవాడు. బడిలో బృందగానం పోటీకి సాధన జరుగుతుంటే సజో పాడడం లేదని కుసకబె కనిపెడతాడు. తర్వాత ఖాళీ తరగతిలో సజో ఒక్కడే సాధన చేస్తుండగా చూసి, నేర్పిస్తానంటాడు. మొదటి పుస్తకం 2008లో వచ్చింది. అక్కడితో ఆపేసినా ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. నకమురా ఆపలేదు. 2010లో 'సొత్సుగ్యోసె' రెండు భాగాలుగా, ఒకటి చలికాలం, ఒకటి వసంతం పేరుతో వచ్చింది. సజో క్యోటో విశ్వవిద్యాలయానికి పరీక్ష రాస్తాడు. కుసకబెకు చదువు మీద కాదు, సంగీతం మీద ధ్యాస. ఆ తర్వాత 'ఓబీ'లో ఒకరు క్యోటోలో, ఒకరు టోక్యోలో. మధ్యలో 500 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 2020 నాటికి 'బ్లాన్' రెండు సంపుటాలు వచ్చాయి.

ఈ వరుసలో మొదటి పుస్తకాన్నే అందరూ మెచ్చుకుంటారు, 2016లో సినిమాగా వచ్చిందీ అదే. నా లెక్కలో అసలు సాహసం తర్వాతి పుస్తకాలది. మొదటి కథలో ప్రశ్న ఒక్కటే: వీళ్ళు కలుస్తారా? తర్వాతి వాటిలో ప్రశ్నలు తరగవు: ఎవరి చదువు కోసం ఎవరు ఊరు మారాలి, రైలు ఛార్జీ ఎవరు పెట్టుకోవాలి, ఇంట్లో ఎప్పుడు చెప్పాలి. ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పిల్లల్ని చదువుకు పంపే మనకు ఈ దూరం గురించి ఎవరూ వివరించక్కర్లేదు.

మరో మెట్టు యోషినగా ఫుమిది. ఆమె కామికెట్ బల్లల మీంచి వచ్చిన కళాకారిణి. తన సొంత మాంగా 'యాంటిక్ బేకరీ'కి కూడా ఆ చిన్న పుస్తకాల రూపంలో కొనసాగింపులు గీసింది. 2007లో కోదాన్షా వారి 'మార్నింగ్' పత్రికలో 'నిన్న ఏం తిన్నావు' మొదలుపెట్టింది. అది మగవాళ్ళు చదివే వారపత్రిక. షిరో 43 ఏళ్ళ లాయరు, ఆఫీసులో తన సంగతి ఎవరికీ చెప్పడు. కెంజికి 41 ఏళ్ళు, సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తాడు, దాచుకోడు. కథ మొదలయ్యేసరికే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఎలా కలిశారన్నది వెనక ఎప్పుడో మెల్లగా తెలుస్తుంది. మొదటి భాగం లేకుండా నేరుగా రెండో భాగంతో మొదలుపెట్టిన కథ ఇది. ఇద్దరి తిండి ఖర్చు నెలకు 25,000 యెన్లు దాటకూడదని షిరో పట్టుదల. సూపర్‌మార్కెట్‌లో ఏది చవకో చూసి కొంటాడు, ఇంటికొచ్చి వండుతాడు, కెంజి లొట్టలేసుకుంటూ తింటాడు. ప్రతి భాగంలో ఒక వంట, దాని వెనక ఒక భయం: తల్లిదండ్రుల ముసలితనం, ఆస్తి, జబ్బు. యోషినగా పాత్రలకు వయసు ఆపలేదు. ఏడాది గడిస్తే వాళ్ళకూ ఏడాది గడుస్తుంది. అలా ఇద్దరూ అరవై దరిదాపులకు చేరారు. 2019లో కోదాన్షా మాంగా పురస్కారం, అదే ఏడాది టీవీ సీరియల్. 1974లో ఊహకు అందని ముసలితనం ఇదే.

మన రాష్ట్రంలోనూ ఒక జంట తమ రెండో భాగాన్ని బహిరంగంగా బతికి చూపించింది. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే చెప్పింది. కానీ నేరం కాకపోవడం వేరు, సంసారంగా గుర్తించడం వేరు. 2022లో వీళ్ళు ఆ గుర్తింపు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్ళి హక్కు ఇవ్వడం తమ పని కాదు, చట్టసభల పని అంది. ఆ తీర్పును ఇవాళ్టికీ సుప్రియో పేరుతోనే పిలుస్తున్నారు, న్యాయ విద్యార్థులు చదువుతున్నారు.

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో కథలు రాసే, బొమ్మలు వేసే యువతీ యువకులకు నా విన్నపం ఒకటే. తొలిచూపు కథలు మనకు చాలానే ఉన్నాయి. మంచిర్యాలలోనో జగిత్యాలలోనో ఒక కిరాయి ఇంట్లో ఏళ్ళుగా ఉంటున్న ఇద్దరు మగవాళ్ళను తీసుకోండి. ఇంటి ఓనరుకు 'దోస్తులం' అని చెప్పుకుంటారు. పండుగకు ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు సెలవు చీటీలో ఏం కారణం రాయాలో తెలియక తికమకపడతారు. వాళ్ళను చంపకండి, విడదీయకండి. నెల సరుకుల చిట్టీతో మొదలుపెట్టి రాయండి, వాళ్ళకు వయసు మీద పడేదాకా రాయండి.