రిజర్వ్ డే ఎటు పోయింది?

1992 మార్చి 1న బ్రిస్బేన్‌లో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లో భారత్ ఆస్ట్రేలియా చేతిలో ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. ఆస్ట్రేలియా 50 ఓవర్లలో 237 కొట్టింది. మన ఇన్నింగ్స్ మధ్యలో వాన పడి మూడు ఓవర్లు పోయాయి. పోయిన మూడు ఓవర్లకు గాను లక్ష్యంలో తగ్గించినవి రెండే పరుగులు. కెప్టెన్ అజారుద్దీన్ 93 దగ్గర రనౌటయ్యాడు. ఆఖరి బంతికి మూడో పరుగు కోసం పరుగెత్తి వెంకటపతి రాజు రనౌటయ్యాడు. ఆ పరుగు వచ్చి ఉంటే మ్యాచ్ టై అయ్యేది. హైదరాబాద్ ఆటగాళ్లిద్దరు అంత దగ్గరగా వచ్చి ఆగిపోయిన ఆ మ్యాచ్‌ను మన తరం అభిమానులు ఇప్పటికీ మర్చిపోలేదు. అదే రోజు అడిలైడ్‌లో ఇంగ్లండ్ పాకిస్తాన్‌ను 74 పరుగులకే ఆలౌట్ చేసింది. మధ్యలో వాన పడటంతో కొత్త లెక్క ప్రకారం 16 ఓవర్లలో 64 కొట్టాల్సి వచ్చింది. మళ్లీ వాన వచ్చి ఫలితం తేలలేదు. ఆ మ్యాచ్‌లో దక్కిన ఒక్క పాయింటుతోనే పాకిస్తాన్ ఆస్ట్రేలియా కన్నా ఒక మెట్టు పైన నిలిచి సెమీస్ చేరింది, చివరికి కప్పు గెలిచింది.

ఆ ప్రపంచకప్ వాన నియమాన్ని కనిపెట్టినవాళ్లు మూర్ఖులేమీ కారు. అంతకుముందున్న సగటు రన్‌రేటు పద్ధతిలో ఛేదించే జట్టుకు అన్యాయంగా మేలు జరిగేది. చేతిలో పది వికెట్లు ఉంచుకుని కొద్ది ఓవర్లే ఆడాల్సి వస్తే ఎవరైనా అదే రన్‌రేటును తేలిగ్గా అందుకుంటారు. ఆ లోపం దిద్దడానికి కొత్త పద్ధతి తెచ్చారు. మొదట బ్యాటింగ్ చేసిన జట్టు అతి తక్కువ పరుగులు చేసిన ఓవర్లను తీసేసి, మిగిలినవాటిని లెక్కలోకి తీసుకోవడం ఆ పద్ధతి. ఫలితం తలకిందులైంది. బంతితో ఎంత గట్టిగా కట్టడి చేస్తే, తర్వాత వాన పడినప్పుడు అంత నష్టం. మార్చి 22న సిడ్నీ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 పరుగులు కావాల్సిన దశలో కాసేపు వాన కురిసింది. రెండు ఓవర్లు పోయాయి. వాళ్లు బాగా కట్టడి చేసిన రెండు ఓవర్లను ఇంగ్లండ్ ఇన్నింగ్స్ నుంచి తీసేస్తే లక్ష్యంలో తగ్గింది ఒకే ఒక్క పరుగు. స్కోర్‌బోర్డు మీద ఒక బంతికి 22 పరుగులని పడింది, నిజానికి కావాల్సింది 21. బ్రయన్ మెక్‌మిలన్ ఆ బంతిని తోసి ఒక పరుగు తీసి నడిచిపోయాడు.

అభిమానుల కోపమంతా లెక్క మీదకు పోయింది. అది సహజమే, కానీ అక్కడే ఒక పెద్ద విషయం మరుగున పడింది. ఆ రెండు ఓవర్లు వెయ్యడానికి పది నిమిషాలు చాలు. వాన తగ్గింది, ఫ్లడ్‌లైట్లు వెలుగుతున్నాయి, రెండు జట్లూ మైదానంలోనే ఉన్నాయి, జనం కదల్లేదు. లేనిది సమయం ఒక్కటే. ఆ సమయాన్ని కోసేసింది వాన కాదు, ఆట ఎప్పటికల్లా ముగియాలో ముందే రాసిపెట్టుకున్న నిబంధన. గత యాభై ఏళ్లలో వాన నియమం లెక్క మాటిమాటికీ మెరుగైంది. మ్యాచ్‌కు కేటాయించే సమయం మాత్రం ప్రేక్షకుడి చేతుల్లోంచి జారుతూ వచ్చింది. లెక్క మార్చడానికి ఖర్చు లేదు. రోజు ఇవ్వాలంటే ఎవరో ఒకరు డబ్బు వదులుకోవాలి.

ఆటకు గడియారం ఉండటమే తప్పని ఈ వాదన అర్థం కాదు. గడువు లేని ఆట ఎలా ఉంటుందో 1939 మార్చిలో డర్బన్ చూసింది. ఫలితం తేలేదాకా ఆడాలన్న షరతుతో మొదలైన దక్షిణాఫ్రికా-ఇంగ్లండ్ టెస్టు మార్చి 3 నుంచి 14 దాకా సాగింది. ఇరుజట్లూ కలిసి 1,981 పరుగులు చేశాయి. 696 లక్ష్యంగా దిగిన ఇంగ్లండ్ 5 వికెట్లకు 654 దగ్గరుండగా వాన పడింది, కేప్‌టౌన్‌లో ఓడ అందుకోవడానికి జట్టు రైలెక్కాల్సి వచ్చింది. ఇంకా 42 పరుగులే మిగిలాయి. కాలపరిమితి లేదన్న ఆటకు ఓడ ప్రయాణం పరిమితి పెట్టింది. ఆ తర్వాత అలాంటి టెస్టులు ఆగిపోయాయి, ఆగిపోవడం మంచిదే. పరిమిత ఓవర్ల అంతర్జాతీయ క్రికెట్ అయితే ప్రేక్షకుల కోసమే పుట్టింది. 1970-71 మెల్‌బోర్న్ టెస్టులో మొదటి మూడు రోజులూ వానకు కొట్టుకుపోతే, టెస్టు రద్దు చేసి 1971 జనవరి 5న ఎనిమిది బంతుల ఓవర్లు నలభై చొప్పున ఒక మ్యాచ్ ఆడించారు. దాదాపు 46 వేల మంది వచ్చారు. వాన వల్ల పోయిన రోజులకు బదులుగా జనానికి ఒక పూర్తి రోజు ఆటనివ్వడమే ఆనాటి ఉద్దేశం. వన్డే క్రికెట్ మొదలైన ఆ స్ఫూర్తిని గుర్తుపెట్టుకుంటేనే తర్వాత పోయిందేమిటో అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో జరిగిన తొలి ప్రపంచకప్‌లలో గ్రూప్ మ్యాచ్‌లకు కూడా రిజర్వ్ డే, అంటే వానకు ఆగిన ఆట కోసం ఉంచిన అదనపు రోజు, ఉండేది. 1983 జూన్ 9న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో భారత్ 60 ఓవర్లలో 262 కొట్టింది. వెస్టిండీస్ 2 వికెట్లకు 67 దగ్గరుండగా ఆట నిలిచిపోయింది. మర్నాడు ఆగిన చోటి నుంచే మొదలుపెట్టి విండీస్‌ను 228కి కట్టడి చేశారు. ప్రపంచకప్‌లో విండీస్‌కు అదే తొలి ఓటమి. కపిల్ సేన కప్పు దారి రిజర్వ్ డే మీదుగానే మొదలైంది. లార్డ్స్ బాల్కనీ ఫొటో చూసి మురిసిపోయే మనం ఈ జూన్ 10ని కూడా చెప్పుకోవాలి. ఆ మర్నాడు లేకపోతే ఆ గెలుపు పాయింట్లు మనకు దక్కేవి కావు. 1999లో ఎడ్జ్‌బాస్టన్‌లోనూ అదే కథ. మే 29న ఆగిన ఇంగ్లండ్ ఛేదన 30న కొనసాగి, భారత్ 63 పరుగులతో గెలిచి ఆతిథ్య జట్టును ఇంటికి పంపింది.

అంత విడ్డూరం కాని ఈ ఏర్పాటు తర్వాత ఎందుకు సాధ్యం కాలేదు? 1983లో 27 మ్యాచ్‌లు 17 రోజుల్లో ముగిశాయి. గ్రూప్ దశలో ఒకేరోజు నాలుగు మైదానాల్లో ఆట జరిగేది. కాబట్టి మర్నాడు ఖాళీగా ఉంచడం కష్టం కాలేదు. 2019లో 48 మ్యాచ్‌లు 46 రోజులు సాగాయి. చాలా రోజుల్లో ఒకే మ్యాచ్. ప్రతి మ్యాచ్‌కూ ప్రపంచమంతటా వేరుగా ఒక ప్రసార సమయం కావాలి, దాన్ని అమ్ముకోవాలి. టోర్నీ దాదాపు మూడు రెట్లు సాగినా వానకు కేటాయించే రోజు మిగల్లేదు. ఆ ఏడాది నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఫలితం లేకుండా పోయాయి. నాటింగ్‌హామ్‌లో భారత్-న్యూజిలాండ్ మ్యాచ్‌తో కలిపి మూడింటిలో ఒక్క బంతి కూడా పడలేదు. టికెట్ కొని సెలవు పెట్టుకుని సముద్రాలు దాటి వచ్చినవాళ్లు గొడుగుల కింద నిలబడి తిరిగి వెళ్లారు. రిజర్వ్ డే పెడితే టోర్నీ మరీ సాగిపోతుందని, పిచ్ తయారీ, జట్ల ప్రయాణాలు, హోటళ్లు, సిబ్బంది, దూరం నుంచి వచ్చే ప్రేక్షకులు అన్నీ చిక్కులేనని అప్పటి ఐసీసీ ముఖ్య కార్యనిర్వాహకుడు డేవిడ్ రిచర్డ్‌సన్ వివరించాడు.

ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. వాటిలో ప్రతి చిక్కూ నిజమే. రిజర్వ్ డే ఉన్నా న్యాయం జరగదని 2002 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌నూ చూపించొచ్చు. సెప్టెంబర్ 29న కొలంబోలో శ్రీలంక 50 ఓవర్లు ఆడింది, భారత్ రెండు ఓవర్లాడగానే వాన. మర్నాడు ఆగిన చోట మొదలుపెట్టకుండా మళ్లీ కొత్త టాస్‌తో కొత్త మ్యాచ్ పెట్టారు. శ్రీలంక మరో 50 ఓవర్లు ఆడింది, మళ్లీ వాన. రెండు రోజుల్లో 110 ఓవర్లు పడ్డా ఒక విజేత లేడు, ట్రోఫీ ఇద్దరికీ పంచారు. కానీ అక్కడ తప్పు రోజుది కాదు, ఆటను కొనసాగించనివ్వని నిబంధనది. 1983లో పనిచేసిన పద్ధతినే పక్కన పెట్టారు. వానతో రిజర్వ్ డేకు సాగిన 2019 మాంచెస్టర్ సెమీఫైనల్ మీద మనవాళ్లకున్న ఫిర్యాదు ఇంకొంచెం బలమైనది. జులై 9న ఆడితే పిచ్ వేరు, 10న ఉదయం మేఘాలు వేరు అంటారు. అది కొంత నిజం. అయినా న్యూజిలాండ్‌కు మిగిలిన 23 బంతులూ పడ్డాయి, మనకు 50 ఓవర్లూ దక్కాయి. 18 పరుగుల ఓటమి బాధాకరమే, కానీ అది కాగితం మీద లెక్కతో వచ్చింది కాదు, ఆడి ఓడింది.

లెక్క ఎంత బాగుపడిందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అనే గణాంక శాస్త్రవేత్తలు బ్యాటింగ్ జట్టు దగ్గరున్న వనరులు రెండని గ్రహించారు. మిగిలిన ఓవర్లు ఒకటి, మిగిలిన వికెట్లు రెండోది. వాన ఎంత వనరును తినేసిందో దాన్నిబట్టి లక్ష్యం మార్చాలన్నారు. 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే-ఇంగ్లండ్ మ్యాచ్‌లో మొదటిసారి వాడారు. తర్వాత స్టీవెన్ స్టెర్న్ దాన్ని సవరించాడు. కేరళ ఇంజినీరు వి. జయదేవన్ రూపొందించిన మరో పద్ధతిని మన దేశవాళీ క్రికెట్‌లో వాడారు. డక్‌వర్త్-లూయిస్ లెక్క ప్రకారం సిడ్నీలో ఆ ఆఖరి బంతికి గెలవడానికి కావాల్సింది ఐదు పరుగులు. అంటే ఒక సిక్సర్. ఎంత తేడా! అయినా ఆ పదమూడు బంతులూ ఆడే హక్కుకు ఏ సూత్రమూ సాటిరాదు. డక్‌వర్త్-లూయిస్ మందులాంటిది, రోగం రాకుండా ఆపగలిగిన చోట మందునే వైద్యమంతా అనుకోకూడదు.

సమయం దొరకదన్న మాటను 2023, 2024 బలహీనపరిచాయి. 2023 ఆసియా కప్ మధ్యలో సూపర్ ఫోర్ దశలో భారత్-పాకిస్తాన్ మ్యాచ్‌కు మాత్రమే రిజర్వ్ డే చేర్చారు. సెప్టెంబర్ 10న కొలంబోలో 24.1 ఓవర్ల దగ్గర ఆగిన మన ఇన్నింగ్స్ మర్నాడు 356కి చేరింది, 228 పరుగులతో గెలిచాం. మనకు ఆనందమే. కానీ అదే దశలో ఆడుతున్న శ్రీలంక, బంగ్లాదేశ్ అభిమానులు తమ మ్యాచ్‌కు ఎందుకు లేదని అడిగితే జవాబు ఏముంది? ఏడాది తిరక్కుండానే 2024 టీ20 ప్రపంచకప్ రెండో సెమీఫైనల్‌కు రిజర్వ్ డే లేకుండా చేశారు. మొదటి సెమీస్‌కు మాత్రం ఉంది. భారత్ సెమీస్ చేరితే గయానాలోనే ఆడుతుందని ముందే రాసిపెట్టారు. అక్కడ ఉదయం మొదలయ్యే ఆట మనకు రాత్రి 8 గంటలకు కనిపిస్తుంది. రెండు రోజులకే ఫైనల్ ఉంది కాబట్టి మర్నాటికి బదులు 250 నిమిషాల అదనపు సమయం ఇచ్చారు. మనం గెలవడంతో ఈ ప్రశ్న మనదాకా రాలేదు. వర్షం ఆగకపోతే సూపర్ ఎయిట్ గ్రూపులో అగ్రస్థానం ఆధారంగా మనమే ఫైనల్‌కు వెళ్లేవాళ్లం, ఇంగ్లండ్ ఒక్క బంతి ఆడకుండా ఇంటికి పోయేది. మనకు అనుకూలించిన అన్యాయాన్ని అన్యాయం అనలేకపోతే బ్రిస్బేన్ గురించి ఫిర్యాదు చేసే అర్హత మనకెక్కడిది?

ప్రసార హక్కుల డబ్బే లేకపోతే చిన్న దేశాల క్రికెట్ బతకదని, క్రీడాకారుల జీతాలు, అకాడమీలు దానిమీదే నడుస్తాయని అంటారు. నిజమే. ఎవరూ టీవీని వెళ్లగొట్టమనడం లేదు. అడిగేది ఒకే నియమం అందరికీ వర్తించడం, అది టికెట్లు అమ్మకముందే తెలియడం. 2023 వన్డే ప్రపంచకప్‌లో అదీ జరగలేదు. షెడ్యూలు ప్రకటించింది టోర్నీకి సరిగ్గా వంద రోజుల ముందు, జూన్ 27న. ఆగస్టు 9న తొమ్మిది మ్యాచ్‌ల వివరాలు మార్చారు. అహ్మదాబాద్‌లో భారత్-పాకిస్తాన్ మ్యాచ్ ఒకరోజు ముందుకు రావడంతో, హైదరాబాద్‌లో 12న జరగాల్సిన పాకిస్తాన్-శ్రీలంక మ్యాచ్ అక్టోబర్ 10కి వచ్చింది. ఉప్పల్‌లో 9న న్యూజిలాండ్-నెదర్లాండ్స్ మ్యాచ్ ఉండగానే. వరుసగా రెండు రోజులు బందోబస్తు కష్టమని హైదరాబాద్ క్రికెట్ సంఘం మార్పు కోరినా కుదరలేదు. భారత్ మ్యాచ్ ఒక్కటీ దక్కని నగరానికి ఈ సర్దుబాటు కూడా మిగిలింది.

2027 ప్రపంచకప్ దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో 14 జట్లతో, 54 మ్యాచ్‌లతో జరగబోతోంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో దక్షిణాఫ్రికా పీఠభూమి మీద సాయంత్రాలు ఉరుములతో వానలు పడతాయని అక్కడివాళ్లందరికీ తెలుసు. ఏ మ్యాచ్‌కు రిజర్వ్ డే ఉంటుంది, ఆగిన ఆట ఎక్కడి నుంచి మొదలవుతుంది, సెమీస్ రెండింటికీ ఒకే సమయం ఇస్తారా అన్నవి ఇప్పుడే అడగాల్సిన ప్రశ్నలు. టికెట్ల అమ్మకం మొదలయ్యాక అడిగితే చిక్కుల జాబితా తప్ప మరొకటి రాదు.