భూగర్భధనము – గృహస్థుని రక్షణము



భూమికి మన పూర్వులు పెట్టిన పేర్లలో రత్నగర్భ, వసుంధర యనునవి మిక్కిలి వాడుకలోనివి. లోపల ధనము గలది యని ఆ పేర్లకు భావము. అయితే ఆ ధనము ఒక గృహస్థుని పెరటిక్రింద నున్నచో అది యెవ్వరిది? దానిని వెలికిదీయునప్పుడు పైనున్న యింటికి కీడు గలిగినచో పూచీ యెవ్వరిది? చమురుబావులకును గ్యాసు గొట్టములకును ప్రక్కనే కాపురముండు గోదావరీతీరవాసులకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు, వాకిటిలోని ప్రశ్న. దీని చరిత్రను కొంచెముగా విన్నవించెదను.

ప్రాచీనులు ఈ ప్రశ్నను ఎరుగకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గనులపై అధికారియగు ఆకరాధ్యక్షుని విధులు చెప్పబడినవి. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున, పాతరనిధులలోను భూమిలోని ధాతువులలోను రాజునకు సగపాలు గలదని విధింపబడినది. ఆ పాలునకు స్మృతికారుడు రెండు హేతువులు చెప్పెను. రక్షించువాడగుట యొకటి, భూమికి అధిపతి యగుట రెండవది. రక్షణము ముందును, ఆధిపత్యము పిమ్మటను చెప్పబడుట గమనింపదగినది. అనగా ఆ పాలు రక్షణమునకు ప్రతిఫలమే గాని ఊరక వచ్చిన సొత్తు కాదు. ఈ సూత్రమును మనస్సునం దుంచుకొని తక్కిన కథను విందము.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి టైటస్‌విల్ వద్ద 1859వ సంవత్సరమున డ్రేక్ అనునాతడు సుమారు 70 అడుగుల లోతున చమురును కనుగొనెను. ఆ దేశమున భూమి యజమానికే క్రిందనున్న ఖనిజముపై హక్కుండుట వాడుక. అయితే ఆ హక్కును విడదీసి అమ్ముకొనవచ్చును గనుక, ఇల్లొకనిది, ఇంటిక్రింది చమురు వేరొకనిది యగుటయు అచ్చట కలదు. మన దేశమున పందొమ్మిదవ శతాబ్దము చివర అస్సాములోని దిగ్బోయి వద్ద చమురు పడినది. 1901లో అచ్చటనే శుద్ధికర్మాగారము వెలసినది. స్వాతంత్ర్యానంతరము 1948 నాటి చమురుక్షేత్రముల చట్టమును, 1959 నాటి నియమములును ఏర్పడి, త్రవ్వకమునకు అనుమతియు కౌలును ప్రభుత్వమువలననే పొందవలెనని నిర్ణయించినవి. 1956లో చమురు సహజవాయు సంఘము, అనగా నేటి ఓఎన్‌జీసీ, స్థాపింపబడినది. ఇట్లు పూర్వపు రాజు స్థానమున నేటి ప్రభుత్వము నిలిచినది. పాలు సంక్రమించినది, రక్షణభారము కూడ సంక్రమింపవలెను గదా!

ఇక మన కోనసీమ సంగతి. గోదావరి యుగయుగములుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టియే ఈ సీమ. 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై, కాలువలు పారి, పైమట్టి బంగారమైనది. ఆ నదులే తొల్లి తెచ్చిన మట్టిపొరలలో చిక్కిన జీవపదార్థము, లోతున వేడికిని ఒత్తిడికిని లోనై, చమురుగను వాయువుగను మారినది. పైన వరియు కొబ్బరియు పండించిన నదియే క్రింద వాయువును దాచియుంచిన దన్నమాట. 1978లో నరసాపురము వద్ద బావి త్రవ్వినప్పుడు వాయువు కనబడెను. అటుపిమ్మట తోటలనడుమ రిగ్గులు లేచినవి. రాత్రులయందు మంటగొట్టముల వెలుతురు కొబ్బరిమట్టలపై పడసాగినది.

బావి త్రవ్వు విధము కొంచెము తెలిసికొనవలెను. భూమిలోని వాయువు మిక్కిలి ఒత్తిడితో నుండును. దానిని అదిమియుంచుటకై బరువైన మట్టిద్రవమును బావిలో నింపుచుందురు. ఆ ద్రవపు బరువు తగ్గినను, గొట్టమును పైకి లాగునప్పుడు పట్టు తప్పినను వాయువు విజృంభించి పైకి చిమ్మును. దీనినే బ్లోఅవుటు అందురు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద జరిగినది ఇదియే. 2,700 మీటర్లకు మించిన లోతున ఇరుకుకొన్న గొట్టమును పైకి దీయుచుండగా వాయువు ఎగదన్ని అంటుకొన్నది. జ్వాల సుమారు 200 మీటర్ల యెత్తు లేచినది. చుట్టుప్రక్కల గ్రామములవారిని ఇండ్లు విడిపించి పంపిరి. అమెరికానుండి నిపుణులను రప్పించిరి. 65 దినములు మండిన పిమ్మట, మార్చి 15వ తేదీకి గాని అది ఆరలేదు. రెండు నెలలకు పైగా ఆ సీమవారికి రాత్రి యన్నది లేకపోయెను.

ఇట్టి యాపద మన సీమకే పరిమితము కాదు. అస్సాములోని బాఘ్‌జాన్ వద్ద 2020 మే 27న ఒక బావి చిమ్మనారంభించి, జూన్ 9న అంటుకొని, నవంబరు 15 వరకు మండినది. వేలకొలది జనులు ఇల్లు విడిచి శిబిరములలో తలదాచుకొనిరి. పాశర్లపూడి జరిగి యిరువదియైదేండ్లు గడచిన తరువాత కూడ ఇట్లు జరిగెనన్నచో, నేర్చిన పాఠము చాలలేదని తెలియుచున్నది.

బావి కంటికి కనబడును, గొట్టము కనబడదు. వాయువును దూరప్రాంతములకు గొంపోవుటకై పొలములక్రిందను పెరళ్లక్రిందను గొట్టములు వేయుదురు. ఇందులకు 1962 నాటి చట్టము ఆధారము. దాని ప్రకారము భూమి యజమానిదే. వాడుకొను హక్కు మాత్రము సర్కారుకో సంస్థకో పోవును. పిమ్మట ఆ భూమిపై యజమాని ఇల్లు కట్టరాదు, బావి గాని చెరువు గాని త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. కొబ్బరిచెట్టు నాటరాని పెరడు కోనసీమ గృహస్థునకు ఏపాటి పెరడో నేను వేరుగ చెప్పనక్కరలేదు. అందులకు ప్రతిఫలముగా, కలిగిన నష్టమునకు పరిహారమును, అదిగాక ఆ భూమి ధరలో నూటికి 10 వంతున సొమ్మును చట్టము విధించినది. ప్రకటన వెలువడిన 21 దినములలోగా భూస్వామి ఆక్షేపణ తెలుపుకొనవచ్చును. పరిహారము చాలదని తోచినచో జిల్లా న్యాయమూర్తి నాశ్రయింపవచ్చును.

ఇట్టి గొట్టమువలననే 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరము గ్రామమున ఘోరము సంభవించినది. తాటిపాకనుండి కొండపల్లి వైపు పోవు గెయిల్ సంస్థ గొట్టము చిల్లిపడి, వాయువు ఊరిపై క్రమ్ముకొన్నది. ప్రొద్దుననే ఎవ్వరో నిప్పు వెలిగించినంతనే ఆకాశమే అంటుకొన్నట్లయినది. 20 మందికి పైగా మృతి చెందిరి. ఇండ్లును తోటలును కాలిపోయినవి. పొడివాయువునకై వేసిన గొట్టములో తడివాయువును పంపుటవలన లోపల తుప్పు పట్టెనని విచారణలో తేలినది. వాయువు కారుచున్నదని ముందే మొరపెట్టుకొంటిమని గ్రామస్థులు చెప్పిరి. ఆ మొర ఆలకింపబడియున్నచో ఆనాటి ప్రొద్దు ఎట్లుండెడిదో మీరే ఊహింపుడు.

మాటాడు హక్కు కూడ క్రమముగా తగ్గుచున్నది. 2006 నాటి పర్యావరణ ప్రకటన, ఇట్టి పనులకు ముందు ప్రజలను సమావేశపరచి వారి యభిప్రాయము వినవలెనని చెప్పెను. 2020 జనవరిలో, భూమిపై త్రవ్వు అన్వేషణబావుల విషయమున ఆ నియమమును సడలించిరి. అన్వేషణయే గదా యని అనవచ్చును. కాని ఒత్తిడితో చిమ్ము వాయువునకు అది అన్వేషణబావియో ఉత్పత్తిబావియో తెలియదు.

నేను చమురు వలదనుట లేదు. ఆ వాయువుతో విద్యుత్తు పుట్టుచున్నది, ఎరువు తయారగుచున్నది, వంటపొయ్యి వెలుగుచున్నది. రాష్ట్రమునకు రాయల్టీ వచ్చుచున్నది. దేశమునకు కావలసినదానిని దేశము తీసికొనుట న్యాయమే. అయితే స్మృతికారుడు చెప్పిన క్రమము తలక్రిందులుగాకూడదు. మన సీమలో పాలు ముందు పుచ్చుకొనబడినది. రక్షణము పాశర్లపూడి మండిన తరువాత, నగరము కాలిన తరువాత జ్ఞప్తికి వచ్చినది. పాలు గైకొనువాడు ముందుగా గొట్టమును పరీక్షింపవలెను, మొరను వినవలెను, నష్టమునకు తడవుసేయక సొమ్ము చెల్లింపవలెను. అప్పుడే ఆ పాలు ధర్మబద్ధమగును.

గ్రామపెద్దలగు మీరు చేయదగిన పనులును గలవు. గెజెట్టు ప్రకటన వచ్చినదని వినినంతనే దానిని తెప్పించి, రచ్చబండ వద్ద పదిమందికి చదివి వినిపింపుడు. 21 దినములు చూచుచుండగనే గడచిపోవును. గొట్టము పోవు దారి సూచించు రాళ్లును పలకలును ఎచ్చట నున్నవో పిల్లలకు సైతము చూపింపుడు. వానిపై నున్న టెలిఫోను సంఖ్యను పంచాయతీ గోడపై వ్రాయింపుడు. బావినుండి వచ్చు వాయువునకు వంటగ్యాసువలె వాసన యుండునని నమ్మకుడు. వంటగ్యాసునకు ఆ వాసనను కావలెననియే కలుపుదురు. బుసకొట్టు చప్పుడు వినబడినను, పైరు ఒక్కచోటనే మాడినను అనుమానింపవలెను. అట్టియెడ నిప్పు వెలిగింపరాదు, దీపపు మీట నొక్కరాదు, మోటారుబండిని నడపరాదు. గాలికి అడ్డముగా కాలినడకన దూరముగా పోవలెను. ఫిర్యాదును నోటిమాటతో విడువక కాగితముపై వ్రాసి, అందినట్లు సంతకము పుచ్చుకొనుడు. నోటిమాటకు సాక్ష్యముండదు, కాగితము కచేరీలో మాటాడును.

రత్నగర్భ యిచ్చు రత్నములను పుచ్చుకొందము గాక. అయితే ఆమె ఒడిలో నిదురించు బిడ్డలు, చెట్టుచేమలు, పూరియిండ్లు ఆ రత్నములకంటె తక్కువవి కావని పాలించువారికి గుర్తుచేయు భారము మీవంటి పెద్దలపై నున్నది.