అంబాసిడర్, పద్మిని కార్లకు బ్రేక్ సామాను: ఏది వెతకాలి, ఎక్కడ దొరుకుతుంది, ఏది పెట్టించొద్దు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏపీ 24, ఏపీ 22 నంబర్లున్న పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు ఇంకా కొన్ని ఇండ్ల ముందు కవర్ కప్పుకొని కనిపిస్తాయి. అబ్బాజాన్ కొన్న కారు అనో, జహంగీర్ పీర్ దర్గాకు, జాన్‌పహాడ్ ఉర్సుకు ఇంటిల్లిపాదినీ తిప్పిన బండి అనో అమ్మడానికి మనసొప్పదు. తీరా బాగు చేయించాలని షెడ్డుకు పంపితే రంగు, సీట్లు, డెంటింగ్ ఎట్లనో అట్ల అయిపోతాయి. పని ఆగేది బ్రేకుల దగ్గర.

సామాను ఎందుకు తగ్గిందంటే, ఈ కార్ల విడిభాగాల వ్యాపారాన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది సొంతదారులు కాదు, ట్యాక్సీలు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆపేసింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీకి 2023 అక్టోబర్‌లో 20 ఏళ్ల గడువు తీరింది. కోల్‌కతా పసుపు అంబాసిడర్లు కూడా 15 ఏళ్ల నిబంధన వల్ల తగ్గిపోతున్నాయి. రోజూ బ్రేకులు అరిగే బండ్లు లేనప్పుడు షాపులో ఆ సరుకు ఎవరు పెడతారు?

దొరకనప్పుడు వినిపించే మాట ఒకటుంది: "అసలుది రాదు భాయ్, ఇది పడతది, పెట్టుకో." డోర్ హ్యాండిల్ విషయంలో ఈ మాట నడుస్తుంది. బ్రేకుల్లో నడవదు. పాత అంబాసిడర్ మోడళ్లలో నాలుగు చక్రాలకూ ఒకే లైన్‌లో ఆయిల్ వెళ్తుంది. ఒక్క చక్రం దగ్గర రబ్బర్ కప్పు చిరిగినా పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు చక్రాలకూ బ్రేక్ ఉండదు. అప్పుడు మిగిలేది కేబుల్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. అందుకే బాగు చేయించడం మొదలుపెట్టినప్పుడు ముందు ఆ కేబుల్ తుప్పు పట్టిందా, లాగితే వెనుక చక్రాలు పట్టుకుంటున్నాయా చూసుకోవాలి. దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు.

కొలత తీసుకొని బయల్దేరండి

"అంబాసిడర్ వీల్ సిలిండర్ ఇవ్వండి" అని అడిగితే సరిపోదు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా, ఇసుజు ఇంజిన్ 1800 అని ఇన్ని రకాలున్నాయి. మధ్యలో ఎవరో ఒక మెకానిక్ వేరే మోడల్ సామాను బిగించి ఉండొచ్చు. కాబట్టి ఆర్‌సీలో ఉన్న సంవత్సరం కన్నా విప్పిన పాత పార్టే నమ్మకమైన సాక్ష్యం. దాన్ని తుడిచి, ఒంటిపై అచ్చు వేసిన అంకెలు ఫోటో తీసి, లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిపించి, పార్టునే సంచిలో వేసుకొని వెళ్లాలి. ముందు చక్రాల సిలిండర్, వెనుక చక్రాల సిలిండర్ ఒకటే అనుకోవద్దు. రెండూ వేర్వేరుగా కొలిపించాలి.

ఇంకో చిక్కు చూడీలది. అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టింది, దానిది అంగుళాల లెక్క. పద్మిని ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చింది, దానిది మిల్లీమీటర్ల లెక్క. 3/8 అంగుళం పైపు నట్టు అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల నట్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. పాన పెట్టి బలవంతంగా తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, తర్వాత సిలిండర్ చూడీ పోతుంది. దొరకక దొరకక దొరికిన పార్టు అట్ల పాడైతే మళ్లీ వెతుకులాట మొదటికే వస్తుంది.

ఇనుము పాతదైనా ఫర్వాలేదు, రబ్బరు కొత్తదే కావాలి

డ్రమ్ములు, షూలు, వెనుక ప్లేట్లు, సిలిండర్ బాడీలు పగుళ్లు లేకుంటే పాత బండి నుంచి తీసినవైనా వాడుకోవచ్చు. షూ ఇనుము బాగుంటే లైనింగ్ ఒక్కటి మార్పించుకుంటే చాలు. రివిట్ కొట్టి లైనింగ్ వేసే పని లారీల మీద బతికే ఏ ఊర్లోనైనా తెలిసినవాళ్లు ఉంటారు. చెన్నై కంపెనీలు రానే, సుందరం లైనింగులు తయారు చేస్తాయి. డ్రమ్మును లేత్ మీద చెక్కిస్తే కుడి ఎడమ రెండూ ఒకే కొలతకు చెక్కించాలి. లేకపోతే బ్రేక్ తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాని పొడిని ఎయిర్ కంప్రెసర్‌తో ఊదితే షెడ్డులో పనిచేసే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయమని గట్టిగా చెప్పాలి.

సిలిండర్ లోపల జంగు గుంటలు పడితే పారేయాల్సిన పనిలేదు. మంచి లేత్ పనివాడు లోపల చెక్కి, స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా ఇత్తడి స్లీవ్ ఎక్కించి, మళ్లీ అసలు కొలతకు తెచ్చి నునుపు చేస్తాడు. కొత్త సిలిండర్ దొరకని మోడళ్లకు ఇదే సరైన దారి. అనామక డబ్బాలో వచ్చిన కొత్త సిలిండర్ కన్నా ఇట్ల చేయించిన పాత సిలిండరే నయం.

రబ్బరు సంగతి వేరు. "కంపెనీ పాత స్టాక్, డబ్బా కూడా విప్పలేదు" అని చూపిస్తే మురిసిపోవద్దు. 20 ఏళ్లు అల్మారాలో ఉన్న రబ్బర్ కిట్, బ్రేక్ హోజు వాడకపోయినా గట్టిపడతాయి. వేలితో వంచి చూస్తే సన్న పగుళ్లు కనిపిస్తాయి. కిట్ కొత్త తయారీదే కావాలి, అదీ సిలిండర్ కొలతకు సరిపోయేది కావాలి.

పట్టేట్టు కనిపించి పట్టనివి

మిర్యాలగూడ, జడ్చర్ల, సూర్యాపేట లాంటి చోట్ల ట్రాక్టర్లకు, హార్వెస్టర్లకు, జేసీబీలకు హైడ్రాలిక్ హోజులు అప్పటికప్పుడు ప్రెస్ చేసి ఇస్తారు. అంత ఒత్తిడి తట్టుకునే పైపు కారు బ్రేకుకు ఎందుకు పనికిరాదు అనిపిస్తుంది. సమస్య ఒత్తిడి కాదు. వాటి లోపలి రబ్బరు మినరల్ ఆయిల్ కోసం చేసింది. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం, ఆ రబ్బరును మెల్లగా పాడు చేస్తుంది. తిప్పి చూస్తే ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో బ్రేక్ డబ్బాలో పోసినా ఇదే కథ: బ్రేక్ కప్పులు ఉబ్బి షూలు డ్రమ్మును వదలవు, చక్రాలు కాలిపోతాయి. ఒకసారి అట్ల పోశాక ఆయిల్ మార్చితే సరిపోదు, లైన్ అంతా కడిగి రబ్బరంతా మార్చాల్సిందే.

ఫ్రిజ్, ఏసీ పనివాళ్ల దగ్గర దొరికే రాగి గొట్టం కూడా అంతే. వంచడం తేలిక, చూడటానికి అందం. కానీ అదురుకు గట్టిపడి విరుగుతుంది. బ్రేక్ లైనుకు రెండు పొరల స్టీలు పైపు, చివరన రెండు మడతల ఫ్లేర్ ఉండాలి.

ఎక్కడ తిరగాలి

ముందు సొంత ఊర్లోని పాత షాపులు, ముఖ్యంగా ఒకప్పుడు ట్యాక్సీ స్టాండ్ పక్కన ఉన్నవి. అక్కడ లేకపోతే నల్లగొండ వాళ్లకు విజయవాడ హైవే మీద హైదరాబాద్ ఆటోనగర్ తగులుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల బజారు రెండు జిల్లాల వాళ్లకూ పనికొస్తుంది. కోదాడ వైపు వాళ్లకు విజయవాడ ఆటోనగరే దగ్గర. అక్కడ లేత్, స్లీవ్ పని కూడా ఒకే చోట అయిపోతుంది. మహబూబ్‌నగర్, గద్వాల వైపు నుంచి బెంగళూరు పోయేవాళ్లు ఉంటే జేసీ రోడ్డులో అడిగించొచ్చు. పాత కార్లు విప్పి అమ్మే చెన్నై పుదుపేట ఇనుప సామానుకు మంచిది. అంబాసిడర్‌కు చివరి మాట కోల్‌కతా మల్లిక్ బజార్. ఫోటో, కొలత పంపి బేరం కుదిరితే పార్శిల్ తెప్పించుకోవచ్చు.

లండన్‌లో చుట్టాలుంటే మోరిస్ సామాను తెప్పించుకోవచ్చని కొందరంటారు. హిందుస్థాన్ మోటార్స్ దశాబ్దాల పాటు ఇక్కడ మార్పులు చేసుకుంటూ పోయింది కాబట్టి కొలత కలిస్తేనే డబ్బు కట్టాలి.

బ్రేక్ ఆయిల్ డాట్ 3 లేదా డాట్ 4 చాలు. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205, డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఆగాలి. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140, 155కు పడిపోతాయి. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగుతున్నప్పుడు ఈ తేడా తెలుస్తుంది. రెండేళ్లకోసారి మార్చాలి, సీలు విప్పి చాన్నాళ్లైన డబ్బా వాడొద్దు. సిలికాన్ రకమైన డాట్ 5ను వీటితో కలపకూడదు.

కాగితాల విషయానికొస్తే, సొంత కారుకు 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, బండిని తనిఖీకి చూపించాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ నంబర్ తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ 5,000. అయితే ఆ నంబర్‌తో రోజువారీ తిరగడం కుదరదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. బండితో లగ్గాలకు, దర్గాకు పోవాలనుకునేవాళ్లకు మామూలు రెన్యువలే మేలు.